ఎడమ కన్ను విశ్వవిద్యాలయానిది

మా ల్యాబ్ స్టాకు రిజిస్టరులో, విత్తనాలు తూచే కాటాకీ నీళ్ల డ్రమ్ముకీ మధ్య, ఒక మనిషి కళ్లు రాసి ఉన్నాయి. "కళ్లు. జత ఒకటి. వాడుకలో ఉన్నవి." ఏటా తనిఖీకి వచ్చే స్టోర్సు గుమాస్తా కాటా చూసి టిక్కు పెడతాడు, ఆ కళ్లకేసి చూసి టిక్కు పెడతాడు, డ్రమ్ము చూసి టిక్కు పెడతాడు, టీ తాగి వెళ్లిపోతాడు. మొదటి ఏడు చూసినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ అలవాటైపోయినందుకే నా మీద నాకు మంట.

నా పని విత్తనాలు లెక్కపెట్టడం. మొక్కలు ఎలా బతుకుతాయో, తరాలు గడిచేకొద్దీ ఎలా మారతాయో తేల్చే ల్యాబ్ మాది. పైనున్నవాళ్లు తేలుస్తారు, కిందున్నవాళ్లం లెక్కపెడతాం. ఇరవై ఏళ్లుగా తెల్లటి పళ్లెంలో విత్తనాలు పోసుకుని, పట్టకారుతో పదేసి చొప్పున పక్కకి జరుపుతున్నాను. మధ్యలో ఎవడైనా వచ్చి "ఏం చేస్తున్నారండీ" అన్నాడంటే లెక్క తప్పుతుంది, మళ్లీ మొదటికి రావాలి. అందుకే నాకు కోపం ముక్కు మీద ఉంటుందని చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. ఇరవై ఏళ్లు వాళ్లు లెక్కపెడితే ముక్కు దాటి ఎక్కడికి పోయేదో చూసేవాళ్లం.

ఆ కళ్లు మా అన్నయ్యవి. తోడబుట్టినవాడు కాదు, క్వార్టర్సులో ఎదురింటాయన. రెండు గుమ్మాల మధ్య నాలుగడుగుల వరండా. ల్యాబ్ వెనక మడిలో కలుపు తీయడం ఆయన ఉద్యోగం. ల్యాబ్‌లో అందరూ ఆయన్ని "కలుపాయన" అంటారు. దానికాయన పలుకుతాడు కూడా. దేనికైనా పలుకుతాడు. అంత మెత్తన మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు, చూడాలని కూడా లేదు, ఒక్కడితోనే నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక్కడికి రాకముందు ఆయన బస్టాండులో సామాన్లు ఎక్కించేవాడు. బస్సు టాపు మీద నిలబడి మూటలు అందుకుంటుంటే, మైకులోంచి ఒక ఆడగొంతు వినిపించేది, ఫలానా బస్సు మూడో ప్లాట్‌ఫారం మీదకి వస్తున్నదని. రెండేళ్లు ఆ గొంతు విన్నాడట, మనిషిని చూడకుండా. మూడో ఏడు ధైర్యం చేసి అద్దాల గదిలోకి తొంగిచూశాడు. లోపలున్నావిడ మైకు ఆఫ్ చెయ్యడం మరిచిపోయి "ఎవరండీ మీరు, ఏం కావాలి" అని అడిగింది. ఆ ప్రశ్న బస్టాండంతా విన్నది. జవాబు కూడా విన్నది. అలా మా వదిన ఆయన ఇంటికొచ్చింది. ఆ ఉదంతం ఆయన నాకు కనీసం నలభైసార్లు చెప్పాడు.

ఇక మడి సంగతి. మా పెద్దసారు ప్రొఫెసరు, మంచివాడే, మనుషులకన్నా మొక్కలతో ఎక్కువ మాట్లాడతాడు. పద్దెనిమిదేళ్ల కిందట ఆయనకొక ఆలోచన వచ్చింది. కొర్రకి ఒక దాయాది ఉంది, అడవికొర్ర. రెండూ చూడ్డానికి దగ్గరదగ్గరగా ఉంటాయి. ఏటా ఆ రెండింటి విత్తనాలూ కలిపి మడిలో చల్లుతారు. మూడో వారానికి కొర్ర మొలక మొదలు పచ్చగా, అడవికొర్ర మొదలు ఎర్రగా కనిపిస్తుంది. అన్నయ్య దిగి ఎర్రవాటిని పీకేస్తాడు. ఆయన కంటికి చిక్కనివి బతికి విత్తనం పెడతాయి. అలా ఏళ్ల తరబడి చేస్తే, కలుపు మెల్లిమెల్లిగా పంట వేషం వేసుకుని ఆయన కన్ను కప్పడం నేర్చుకుంటుందని సారు లెక్క. రైతుల చేలలో వేల ఏళ్లు పట్టినదాన్ని మన కళ్ల ముందే చూడొచ్చన్నాడు.

కోతప్పుడు కంకులు వేరు చెయ్యడానికి కూడా సారే ఒక సూత్రం పెట్టాడు. కంకి తల వంచితే పంట సంచిలోకి, నిక్కి నిలబడితే కలుపు సంచిలోకి. గింజ బరువున్నది వంగుతుంది, లేనిది నిక్కుతుంది, అంతే. మరుసటి ఏడు ఆ రెండు సంచుల్లోంచే తీసి చల్లుతారు. నేను రెండు సంచుల గింజలూ లెక్కపెట్టి, కొలిచి, పట్టిక రాసిస్తాను.

అన్నిటికన్నా ముఖ్యం కన్ను మారకూడదు. ఒక ఏడు ఒకరు, ఇంకో ఏడు ఇంకొకరు కలుపు తీస్తే ఏ కన్నుకి లొంగి మొక్క మారిందో తెలియదు. అందుకని అన్నయ్య తప్ప ఇంకెవరూ ఆ మడిలో చెయ్యి పెట్టకూడదు. ఆయన సెలవు పెడితే కలుపు కూడా సెలవు పుచ్చుకోవాలి. సారు రాసిన పెద్ద వ్యాసంలో "ఎంపిక చేయు సాధనం: పురుషుడు, ఒకడు, కళ్లద్దాలు లేవు" అని అచ్చయింది. అన్నయ్య ఆ పేజీని అట్టకి అంటించి ఇంట్లో గోడకి తగిలించుకున్నాడు. సాధనం అని రాశాక అది రిజిస్టరుకెక్కాలి కదా, స్టోర్సు గుమాస్తా ఎక్కించాడు. నంబరు చీటీ కళ్ల మీద అంటించడానికి కుదరదు గనక చొక్కా జేబుకి అంటించాడు.

మడి మొదలైన ఎనిమిదో ఏడో తొమ్మిదో ఏడో అన్నయ్య కళ్లకి శుక్లాలు మొదలయ్యాయి. ఎవరైనా ఏం చేస్తారు, డాక్టరు దగ్గరికి పంపుతారు. మావాళ్లు గ్రాఫు గీశారు. ల్యాబ్‌లో ఏడేళ్లుగా పరిశోధన చేస్తున్న అమ్మాయి ఉంది, ఆ పిల్ల సిద్ధాంత గ్రంథమంతా ఈ మడి మీదే. ఏటా కలుపు తీతకి ముందు కంటి అక్షరాల పట్టీ గోడకి తగిలించి అన్నయ్య చేత చదివించేది. మూడో వరస దాకా చదివితే "సరిపోయింది" అని రాసుకునేది. ఒకసారి ఆయన పొరపాటున నాలుగో వరసలో ఒక అక్షరం చెప్పేశాడు. ఆ పిల్ల మొహం పాలిపోయింది. "ఊహించి చెప్పానమ్మా, కనిపించి కాదు" అని ఆయనే ఓదార్చాడు.

నా పట్టికలో రెండు సంచుల గింజలూ ఏటికేడాది ఒకదానికొకటి దగ్గరవుతూ వచ్చాయి. ఆరేళ్ల కిందట ఇంచుమించు కలిసిపోయాయి. "సార్, రెండూ ఒకేలా ఉన్నాయి, ఏది ఏదో నాకే తెలీడం లేదు" అన్నాను. సారు కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "అదేనమ్మా పరిణామం అంటే" అన్నాడు. ఆ పూట అందరికీ టీ ఇప్పించాడు. నేనూ తాగాను. ఆ మాట దాచను.

నాలుగేళ్ల కిందట వదిన గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు గొంతుపెట్టె తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. అన్ని బస్సులకీ దారి చెప్పిన మనిషి నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాదు. ఒక చప్పట్టు కొడితే రమ్మని, రెండు కొడితే అన్నానికి రమ్మని, మూడు కొడితే కోపం వచ్చిందని. మిగతాదంతా పలక మీద రాస్తుంది. రాస్తే ఏం లాభం, ఆయనకి కనిపించదు. మొదట్లో పలకకి ఒక్క అక్షరం చొప్పున పెద్దగా రాసింది. ఉప్పు అయిపోయిందని చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆయన మొదటి అక్షరం మర్చిపోయి మళ్లీ రాయమన్నాడు. మూడు చప్పట్లు వినపడ్డాయి.

ఆ మర్నాటి నుంచీ పలక నా గుమ్మంలోకి వచ్చింది. రోజూ సాయంత్రం నేను ఇంటికొచ్చి పాలు పొయ్యి మీద పెట్టేసరికి తలుపు చప్పుడు. "చెల్లెమ్మా, ఏం రాసిందో కాస్త చదివిపెట్టు." నేను చదివేదాన్ని. "గ్యాసుకి చెప్పారా, చెప్పలేదు, నాకు తెలుసు." "మీ చొక్కా బొత్తాం మళ్లీ తెగింది, ఏం చేస్తారండీ మీరు బొత్తాలని." "మీకు బుద్ధి ఉందా" అని కూడా నేనే చదవాలి, ఆయన మొహం మీద, వరండాలో నిలబడి. పై అంతస్తువాళ్లు మెట్లెక్కుతూ విని, నేనే ఆయన్ని తిడుతున్నాననుకుని నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన జవాబులు కూడా నాకే చెప్పేవాడు, "గ్యాసుకి రేపు చెప్తానను" అని. "ఆవిడకి చెవులున్నాయి కదా అన్నయ్యా, లోపలికెళ్లి చెప్పుకో" అంటే సిగ్గుపడి వెళ్లేవాడు.

ఒకసారి మాత్రం పలక తీసుకుని వెనక్కి వెళ్లబోతూ ఆగాడు. "మీ వదిన ఇదివరకు ఎన్ని కబుర్లు చెప్పేదో తెలుసా చెల్లెమ్మా. గొంతుతో పాటు ఆ మనిషీ పోయింది. ఇప్పుడు మిగిలింది సామాన్ల చీటీ" అన్నాడు. నేను పాలు పొంగుతున్నాయన్నాను. నిజంగానే పొంగాయి.

ఇలా సాగుతుండగా ఈ ఏడు కోతలయ్యాక ఒక సెలవు రోజు నేను బజారుకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అన్నయ్య మెట్ల మీద పలక పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల వదిన రొమ్ము పట్టుకుని చాప మీద పడి ఉంది. పలక మీద "గుండెల్లో నొప్పి, డాక్టర్ని పిలవండి" అని ఉంది. నా తలుపుకి తాళం, కింద ఇళ్లకి తాళాలు, పైవాళ్లు ఊళ్లో లేరు. అరగంట ఆ పలక పట్టుకుని మెట్లెక్కి దిగుతూ ఉన్నాడట, చదివేవాళ్ల కోసం. రొమ్ము పట్టుకోవడం కూడా ఆయనకి ఆనలేదు, మసక గదిలో పడుకుందనుకున్నాడు. చివరికి డాక్టరు వచ్చి గ్యాసు నొప్పన్నాడు, మాత్ర ఇచ్చాడు, వదిన లేచి కూర్చుంది. లేవకపోయి ఉంటే?

"నాకు కళ్లు కావాలి చెల్లెమ్మా" అన్నాడు ఆ సాయంత్రం. పద్దెనిమిదేళ్లలో ఆయన ఫలానాది కావాలి అనడం నేను వినడం అదే.

కంటి డాక్టరు చూసి, శుక్లాలు ముదిరిపోయాయి, ఇంకో ఏడాది ఆగితే అసలుకే మోసమన్నాడు. మా ఉద్యోగుల ఆసుపత్రిలో ఆపరేషను చెయ్యాలంటే శాఖాధిపతి ఉత్తరం రాయాలి. శాఖాధిపతి పెద్దసారే. అన్నయ్య వెళ్లి గుమ్మంలో నిలబడి అడిగాడు. సారు నీళ్లు నమిలాడు. కాదనలేదు, అవుననలేదు. రిజిస్టరులో ఉన్న సాధనం కాబట్టి నిబంధన ఏమిటో చూడాలన్నాడు. స్టోర్సు గుమాస్తాని పిలిపించారు. ఆయన సొరుగులోంచి సాధనాల మరమ్మతు ఫారం తీశాడు. దాన్ని నింపింది పరిశోధన అమ్మాయి. "మరమ్మతుకు కారణం" అన్నచోట "కనిపించడం లేదు" అని రాసింది. "మరమ్మతు వల్ల కలుగు నష్టం" అన్నచోట కాసేపు పెన్ను కొరికి "కనిపిస్తుంది" అని రాసింది.

"నీకు సిగ్గుందా పిల్లా" అన్నాను.

"ఇంకో రెండేళ్లు ఆగితే నా థీసిస్ అయిపోతుందక్కా" అంది ఆ పిల్ల, కళ్లనీళ్లు పెట్టుకుని. దాన్ని కొట్టాలో దగ్గరికి తీసుకోవాలో తెలియలేదు.

ఫారం మూడు బల్లలు తిరిగి కమిటీ ముందుకొచ్చింది. ఆ రోజు వదినని నేనే తీసుకెళ్లాను. పిలవలేదు, అయినా వెళ్లాం. పొడుగాటి బల్ల, ఆరుగురు ప్రొఫెసర్లు, మధ్యలో సారు. పద్దెనిమిది తరాల దత్తాంశమనీ, ఇలాంటి మడి ఇంకెక్కడా లేదనీ, కన్ను మారితే అంతా బూడిదలో పోసిన పన్నీరేననీ చెబుతున్నాడు. ఆ మడిని ఆయన పిల్లలా పెంచుకున్నాడు, కాదనను. అన్నయ్య గోడవార నిలబడి తప్పు చేసినవాడిలా తల ఊపుతున్నాడు. వదిన సంచిలోంచి పలక తీసి, ఏదో రాసి, నా చేతికిచ్చింది. నేను చదివాను.

"నాకు గొంతు లేదు. ఈయనకి కళ్లు లేవు. మీకేం లేదని మేం ఆగాలి?"

ఒకాయన గ్లాసులో నీళ్లన్నీ తాగేశాడు. ఆ తర్వాత సారు మొహం వెలిగింది. ఆయనకి ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు భయం. "మనిషికి రెండు కళ్లున్నాయి కదా" అన్నాడు. కుడి కన్నుకి ఆపరేషను చేయించి ఇంటికి ఇచ్చేస్తారట. ఎడమ కన్ను ఎలా ఉన్నది అలా విశ్వవిద్యాలయానికి ఉంటుందట. మడిలో దిగేటప్పుడు కుడి కంటికి నల్లగుడ్డ కట్టుకోవాలి. ఇంటికెళ్లాక విప్పుకోవచ్చు. కమిటీ అంతా హాయిగా ఊపిరి పీల్చుకుని సంతకాలు పెట్టింది. గుమాస్తా "జత ఒకటి" కొట్టేసి "విడి ఒకటి, ఎడమ" అని రాశాడు. నేను నోరు తెరవబోతుంటే అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒకటి చాలు చెల్లెమ్మా, పలక చిన్నదే కదా" అన్నాడు.

ఆపరేషను బాగా జరిగింది. మర్నాడు కట్టు విప్పేటప్పుడు గదిలో వదిన, నేను, డాక్టరు, మాతోపాటు పెద్దసారు, పరిశోధన అమ్మాయి. ఆ పిల్ల చేతిలో అట్టపెట్టె. డాక్టరు కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి, వారం దాకా అక్షరాలు చదవకూడదని చెప్పి పక్క మంచం దగ్గరికెళ్లాడు. సారు గబగబా పెట్టె తెరిచాడు. లోపల ఎండబెట్టిన కంకులు వంద. మడిలోంచి తెచ్చినవే, యాభై పంట సంచిలోవి, యాభై కలుపు సంచిలోవి. కొత్త కన్నుకీ పాత కన్నుకీ తేడా ఎంతో ఇప్పుడే కొలిస్తే గానీ లెక్క సరిపోదట.

"డాక్టరు చదవొద్దన్నాడు కదా సార్" అన్నాను.

"ఇవి అక్షరాలు కావమ్మా" అన్నాడు సారు.

అన్నయ్య మంచం మీద కూర్చుని నల్లద్దాలు పైకెత్తి కంకుల్ని ఒక్కొక్కటే తీసుకున్నాడు. పంట కుడి పక్క పెట్టాలి, కలుపు ఎడమ పక్క. మొదటిది చూశాడు, ఎడమ పక్క పెట్టాడు. రెండోది ఎడమ పక్క. పదోది ఎడమ పక్క. నలభయ్యోది దాటాక అమ్మాయి రాసుకోవడం ఆపేసింది. నూరూ ఎడమ పక్కనే పోగుపడ్డాయి. ఆయన ఖాళీ పెట్టెలోకి చెయ్యి పెట్టి తడిమి చూశాడు.

"పంట ఏది సార్" అన్నాడు.

సారు నవ్వాడు. కొత్త కన్ను ఇంకా కుదురుకోలేదన్నాడు. కానీ నవ్వు మధ్యలో ఆగిపోయింది, ఎందుకంటే నేను అప్పటికే పట్టకారు లేకుండానే గింజలు చేతిలోకి రాల్చి చూస్తున్నాను. ఆ గింజలు నాకు ఆరేళ్లుగా తెలుసు. అంతకు ముందున్నవి ఎలా ఉండేవో గుర్తు తెచ్చుకుంటూ ల్యాబ్‌కి బయల్దేరాను.

ల్యాబ్‌లో చల్లని అల్మరాలో మూలవిత్తనం సీసా ఉంది. మొదటి ఏడు చల్లిన కొర్ర. మూడు సంతకాలు లేనిదే తెరవకూడదని మూత మీద ముద్ర వేసి ఉంటుంది, అందుకని పద్దెనిమిదేళ్లుగా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. మూత తెరవక్కర్లేదు గానీ గాజులోంచి చూడొచ్చన్న ఆలోచన అంత చదువుకున్నవాళ్లలో ఒక్కడికీ రాలేదు. నాకూ రాలేదు. సీసాలో గింజలు బొద్దుగా, పచ్చగా ఉన్నాయి. మా పంట సంచిలోవి వాటిలో సగం లేవు, రంగు బూడిద. కలుపు సంచిలోవీ అవే. ఆరేళ్లుగా మా మడిలో కొర్ర మొక్క ఒక్కటీ లేదు. ఉన్నదంతా అడవికొర్రే. కలుపుని కలుపుతో పోల్చి, నూటికి తొంభై తొమ్మిది పాళ్లు పోలిక వచ్చిందని వ్యాసాలు రాశాం.

ఎలా జరిగిందో తేలడానికి ఒక్క పూట పట్టింది. శుక్లాలు వచ్చాక అన్నయ్యకి ఎరుపూ పచ్చా ఒకటైపోయాయి. మసకలో ఆనేది ఏపుగా ఉన్న మొలక ఒక్కటే. ఏపుగా ఉండేది కొర్ర. ఆయన కనిపించినదాన్ని పీకాడు. సన్నగా, కనీకనిపించకుండా ఉన్న కలుపు బతికింది. అందులో కంకి తల వంచినవి ఒకటీ అరా ఉంటే, వినయం చూసి సారు సూత్రం వాటిని పంట సంచిలో వేసింది. అవే మళ్లీ చల్లాం. తల వంచుకు కూర్చుంటే చాలని కలుపు కనిపెట్టేసింది. మా ల్యాబ్‌లో కొందరు ఆ సంగతి అంతకన్నా ముందే కనిపెట్టారనుకోండి.

సారుకి రెండు రోజులు జ్వరం వచ్చింది. మూడో రోజు కళకళలాడుతూ వచ్చాడు. ఇది ఓటమి కాదట, అంతకన్నా పెద్ద సంగతట. ఒక మనిషి తన చేతులతో తానే ఒక పంటని తుడిచిపెట్టేయడం తరతరానికీ లెక్కలతో సహా ఎక్కడా ఎవరూ చూడలేదట. దాన్ని మొదటినుంచీ మళ్లీ చేసి చూపించాలంటే అదే కన్ను కావాలి. కాబట్టి ఎడమ కన్ను ఎప్పటికీ అలాగే ఉంచుతానని అన్నయ్య ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. పరిశోధన అమ్మాయి కూడా కొత్త థీసిస్ పేరు రాసుకుని కూర్చుంది. ఆ పిల్లకి మాత్రం ఇంకెక్కడ దారి ఉంది?

ఎడమ కన్ను మాట డాక్టరు ముందే చెప్పాడు, ఏడాదికి మించి ఆగదు, తర్వాత కోసినా చూపు రాదని. నేను సారు మొహం మీదే ఆ మాట అన్నాను. అన్నయ్య నా మాట పట్టించుకోలేదు. ఆ వారమంతా నల్లద్దాలు పెట్టుకుని గోడకి తిరిగి కూర్చున్నాడు. గోడ మీద తగిలించిన ఆ వ్యాసం పేజీని తీసి మంచం కింద పడేశాడు.

"నేను పీకినదంతా పంటేనా చెల్లెమ్మా" అన్నాడు.

"నీకు కనిపించలేదు అన్నయ్యా. కనిపించదని తెలిసీ వాళ్లు పీకించారు."

"చేతికి తెలియొద్దా? ఒక్కోసారి మొలక గట్టిగా పట్టుకునేది, రానని. ఎంత మొండి కలుపో అనుకుని ఇంకా గట్టిగా లాగేవాణ్ణి." కాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "నేను చెడగొట్టాను. ఆ కన్ను వాళ్లకే ఉండనీ. నాకు ఈ ఒక్కటీ ఎక్కువే."

కాగితం తెమ్మని కబురు పంపాడు. అమ్మాయి తెచ్చింది. అక్షరాలు చదవకూడదు గనక చదవకుండానే సంతకం పెట్టి, తన దగ్గరే ఉంచుకుని, పనిలో చేరిన రోజున ఇస్తానన్నాడు. ఆ వారం కూడా పలకలు నేనే చదివాను. మందుచుక్కలు, పాలవాడు, దుప్పటి ఉతకాలి. వదిన నా వంక చూసే చూపు ఎందుకో నాకు గుచ్చుకునేది. ఈ సంతకం గొడవ గురించి నేను ఏదైనా చెయ్యాలని అడుగుతోందనుకున్నాను.

ఎనిమిదో రోజు సాయంత్రం పాలు పొయ్యి మీద పెట్టి అలవాటు కొద్దీ చూశాను. తలుపు చప్పుడు కాలేదు. పాలు కాగాయి, దించాను. ఇక రాడనుకున్నాను, ఇక రావక్కర్లేదు కదా. సంతోషించాల్సిందిపోయి చేతులు ఖాళీ అయిపోయినట్లనిపించింది. అప్పుడు మెల్లగా చప్పుడైంది.

గుమ్మంలో పలకతో నిలబడి ఉన్నాడు. నా చేతికి ఇవ్వలేదు. చెయ్యి బారగా చాచి పట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తనే చదివాడు.

"మందుచుక్కలు అయిపోయాయి. పాలవాడికి రేపు వద్దని చెప్పండి. కిటికీ గడియ ఊడింది." అక్కడ ఆగాడు. పలక కింది అంచున చిన్న అక్షరాల్లో ఇంకో వరస ఉంది. అది చదవడానికి కొంచెం సేపు పట్టింది. "అలసిపోయారా?"

చదివి నా వంక చూశాడు. "ఇవాళ కొత్తగా ఏదో రాసింది చెల్లెమ్మా. ఇలా ఎప్పుడూ రాయలేదు" అన్నాడు. ఆ మొహంలో సంబరం చూడలేకపోయాను.

అబద్ధం చెప్పొచ్చు. అవును అన్నయ్యా, ఇవాళే అంటే సరిపోయేది. నా నోటికి అబద్ధం రాక కాదు.

"కొత్తది కాదు అన్నయ్యా" అన్నాను. "రోజూ ఉంటుంది."

"రోజూనా?"

"మొదటి రోజు నుంచీ. చివర్న అదే ఉంటుంది. నేనే చదివేదాన్ని కాదు. పొయ్యి మీద పాలు ఉండేవి. గ్యాసూ ఉప్పూ అయితే పని మాటలు, చెప్పకపోతే పని ఆగుతుంది. ఇదేముంది, ఊరికే రాసిందిలే అనుకున్నాను."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. పలకని చొక్కాకి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు, పెదాలు కదుపుతూ, లెక్కపెడుతున్నవాడిలా. నాలుగేళ్లకి ఎన్ని సాయంత్రాలో నాకు తెలుసు, లెక్కపెట్టడం నా వృత్తి.

"నాలుగేళ్లు అడిగిందా" అన్నాడు చివరికి. "నేను ఒక్కరోజు కూడా జవాబు చెప్పలేదే."

జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. అదే, సంతకం పెట్టింది. నా చేతిలో పెట్టాడు. "ఇది సారుకి ఇవ్వనని చెప్పు చెల్లెమ్మా. ఎడమది కూడా ఇంటికే కావాలి."

వరండా దాటి వెళ్లాడు, తలుపు వెయ్యడం మరిచిపోయాడు. వంటింట్లో వదిన అటు తిరిగి ఏదో కలుపుతోంది. ఆయన గుమ్మంలో ఆగి, నాకు కూడా వినపడేంత గట్టిగా చెప్పాడు.

"అలసిపోయానే. చాలా అలసిపోయాను."

వదిన గరిటె కింద పెట్టింది. నేను నా తలుపు వేసుకున్నాను.